తలుపు లేని మనిషికి ఒక చాటు

(అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఫ్లాట్ల యజమానులనూ అద్దెకు ఉంటున్నవారినీ ఉద్దేశించి ఒక ఇంటీరియర్ డిజైనర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం అయినా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఓపెన్ హాలు ఉన్న ఇళ్లలో ప్రైవసీ ఎలా కల్పించుకోవాలో మాట్లాడమని నన్ను పిలిచారు. పార్టిషన్ల గురించి, కర్టెన్ల గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికి ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. నాకు జవాబు చెప్పక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. మీ ఇంట్లో తలుపు లేని మనిషి ఎవరు?

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి ఊహించుకోండి. ఒక గది భార్యాభర్తలది. రెండోది పిల్లలది, చదువూ కంప్యూటరూ అక్కడే. ఊళ్లో ఒక్కతే ఎందుకని నాయనమ్మను తీసుకొచ్చారు. ఆవిడ మంచం ఎక్కడ? హాల్లో దివాన్. పగలంతా దాని మీద వచ్చినవాళ్లు కూర్చుంటారు. రాత్రి టీవీ ఆపాకే అది మంచం అవుతుంది. పొద్దున పాలబ్బాయి బెల్లు కొట్టేలోపు దుప్పటి మడత పెట్టేయాలి. ఆవిడకు ఒంట్లో బాగోకపోయినా, మోకాలికి తైలం రాసుకోవాలన్నా, చెల్లెలికి ఫోన్ చేసి మనసులో మాట చెప్పుకోవాలన్నా ఆ ఇంట్లో చోటు లేదు. గొళ్లెం వేసుకోగలిగిన చోటు బాత్రూమ్ ఒక్కటే. ఎవరూ ఆవిడను బాధపెట్టాలని అనుకోలేదు. కొడుకు మంచివాడు, కోడలు మంచిది. ఇంటి ప్లానులోనే ఆవిడకు చోటు లేదు.

కొన్ని ఇళ్లలో తలుపు లేని మనిషి నాయనమ్మ కాదు. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌కు చదువుతూ తమ్ముడితో గది పంచుకుంటున్న అమ్మాయి. లేకపోతే చంటిబిడ్డకు పాలివ్వాల్సిన ప్రతిసారీ మామగారు హాల్లోంచి లేచి బాల్కనీలోకి వెళ్తారేమోనని ఎదురుచూసే కోడలు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, వెనకాల కుక్కర్ విజిల్ వినబడకుండా మ్యూట్ నొక్కుకుంటూ ఆఫీసు మీటింగ్ నడిపే మనిషి. ముందు ఆ మనిషి ఎవరో తేల్చుకోండి. పార్టిషన్ డిజైన్ ఫోన్లో చూసి ఎంచుకోవడం ఆ తర్వాత పని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఈ పని తలకిందులుగా చేస్తారు. గుమ్మంలోంచి చూసేవాళ్లకు పూజగది పక్కన సీఎన్‌సీ మెషీన్‌తో చిల్లుల డిజైన్ కోసిన జాలీ అందంగా కనబడుతుంది, దివాన్ మాత్రం అందరికీ కనబడేలా అలాగే ఉంటుంది.

అసలు గోడలు ఎలా పోయాయో రెండు ముక్కల్లో చెబుతాను. పాతకాలపు ఇంట్లో గోడే కప్పును మోసేది, తీసేయడానికి వీల్లేదు. సిమెంటు కాంక్రీటు స్తంభాలు, దూలాలు వచ్చాక బరువంతా వాటి మీదకు పోయింది. గోడ ఉండాలా వద్దా అన్నది మన ఇష్టం అయింది. 1914లో ల కార్బూజియే అనే ఆర్కిటెక్టు ఒక బొమ్మ గీశాడు. మన చండీగఢ్‌ నగరానికి రూపమిచ్చింది ఆయనే. ఆ బొమ్మలో శ్లాబులు, స్తంభాలు, ఒక మెట్ల వరుస, అంతే. గోడలే లేవు. అంతకు ముందే అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు చికాగోలో రోబీ హౌస్ కట్టాడు, 1910లో పూర్తయింది. అందులో కూర్చునే చోటుకూ భోజనం చేసే చోటుకూ మధ్య గోడ లేదు, చలిమంట వేసుకునే పొయ్యి కట్టడమే అడ్డం. మన ఊళ్లకు ఈ పద్ధతి అపార్ట్‌మెంట్లతో వచ్చింది. హాలుకూ డైనింగ్‌కూ మధ్య గోడ తీసేస్తే చిన్న ఫ్లాటు పెద్దగా కనబడుతుంది. ఒక వైపు బాల్కనీలోంచి వచ్చిన గాలి, వెలుతురు వంటింటి దాకా పోతాయి. వంట చేసే మనిషి పొగలో ఒంటరిగా మగ్గిపోకుండా అందరితో మాట్లాడుతూ పని చేసుకోవచ్చు. నాకు ఓపెన్ హాలు అంటే ఇష్టమే. దాన్ని మళ్లీ గదులుగా కోసేయమని చెప్పడానికి నేను రాలేదు.

అయితే ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకున్న ఆర్కిటెక్టులు కట్టిన ఇళ్లలోనే ఈ ఇబ్బంది బయటపడింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో, ప్లేనో అనే ఊరి దగ్గర నది ఒడ్డున ఒక గాజు ఇల్లు ఉంది. ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరు కోసం మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్టు కట్టాడు. ఆమె చికాగోలో కిడ్నీ వైద్యురాలు, ఒంటరిగా ఉండేది. ఇల్లు 1951లో పూర్తయింది. నాలుగు వైపులా గాజే. లోపల మధ్యలో బాత్రూములు, వంటగట్టు ఉన్న ఒక చెక్క పెట్టె లాంటి భాగం, మిగతాదంతా ఒకే గది. ఆర్కిటెక్చర్ పుస్తకాలన్నీ ఆ ఇంటిని ఇప్పటికీ మెచ్చుకుంటాయి. అందమైన ఇల్లే, కాదనను. కానీ అందులో ఉండాల్సిన ఆవిడ ఏమన్నదో కూడా వినాలి కదా. బట్టలు తగిలించే హ్యాంగర్ పెట్టుకోవాలన్నా బయట నుంచి ఎలా కనబడుతుందో ఆలోచించాల్సి వస్తోందని ఒక పత్రికకు చెప్పింది. చివరకు ఆ ఇంట్లో పడుకునే వైపు చాటుగా నిలబడింది ఏమిటో తెలుసా? ఒక టేకు బీరువా. బట్టలకు చోటు, పడకకు అడ్డం, రెండూ అదే. మన ఇళ్లలో అమ్మలు ఎన్నో ఏళ్లుగా ఎవరూ చెప్పకుండానే చేస్తున్న పని అది. బీరువాను గోడకు ఆనించకుండా గదికి అడ్డంగా నిలబెట్టి, దాని వెనకాల చీర మార్చుకునే చోటు చేసుకున్న ఇళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు.

మన పాత ఇళ్ల మాటా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, మండువా లోగిలి రోజులే బాగుండేవని నాతో అంటుంటారు. కొంతవరకు నిజం. ఆ ఇంట్లో కొత్త మనిషి వీధి అరుగు మీదే ఆగేవాడు. తెలిసినవాడు వసారా దాకా వచ్చేవాడు. బంధువు మండువాలోకి. వంటింటి దాకా రాగలిగేది ఇంటి మనిషే. లోపలికి వచ్చేకొద్దీ మనుషులు తగ్గేవాళ్లు, ఒక్కో గడప దగ్గర కొందరు ఆగిపోయేవాళ్లు. ఇప్పటి ఫ్లాటులో తలుపు తీయగానే కొరియర్ అబ్బాయికి డైనింగ్ టేబుల్, వంటగట్టు, బెడ్‌రూమ్ తలుపు సందులోంచి మంచం, అన్నీ ఒకే చూపులో కనబడతాయి. ఆ మెట్టు మెట్టుగా లోపలికి వెళ్లే పద్ధతి మనం పోగొట్టుకున్నాం, దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ అదే మండువా ఇంట్లో కొత్తగా పెళ్లయిన జంటకు మాట్లాడుకునే చోటు ఎంత ఉండేదో, ఇంటి కోడలు పగటిపూట కాసేపు నడుము వాల్చగలిగేదో లేదో మీ ఇళ్లలో అమ్మమ్మలను అడగండి. అప్పుడూ తలుపు లేని మనుషులు ఉన్నారు, ఎక్కువగా ఆడవాళ్లే.

సరే, పనిలోకి వద్దాం. మొదట చూపు సంగతి.

చూపును ఆపడానికి కప్పు దాకా గోడ అక్కర్లేదు. కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో తెలిస్తే చాలు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి నాలుగు అడుగుల లోపే ఉంటుంది. నిలబడితే ఐదు, ఐదుంపావు. కాబట్టి నాలుగున్నర అడుగుల అడ్డం పెడితే సోఫాలో కూర్చున్నవాళ్లకు అవతల కూర్చున్నవాళ్లు కనబడరు. నడిచి వెళ్లేవాళ్లకు మాత్రం కనబడతారు. ఆరు అడుగులు పెడితే నిలబడ్డవాళ్లకు కూడా కనబడదు. పైన మూడు అడుగులు ఖాళీగా ఉంటుంది, ఫ్యాను గాలి, ఏసీ చల్లదనం అక్కడి నుంచి పోతాయి. అడ్డం అనేది మంచానికి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ ఎత్తుతో పని జరుగుతుంది. హాలు మధ్యలో ఏడు అడుగులది పెట్టడం కంటే దివాన్ పక్కనే ఐదు అడుగులది పెట్టడం మేలు.

ముఖ్యద్వారం దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి. రాత్రి ఇంట్లో లైట్లన్నీ వేసి, బయట లిఫ్టు దగ్గర నిలబడి, ఇంట్లోవాళ్లను తలుపు పూర్తిగా తెరవమనండి. ఎవరు కనబడుతున్నారు, ఏం కనబడుతోంది? ఆ చూపు గీతకు అడ్డంగా మూడు అడుగుల వెడల్పు ఉన్నది ఏదైనా పెట్టండి. చెప్పుల స్టాండు మీద నిలువు చెక్క పట్టీలు కావచ్చు, వెదురు తడక కావచ్చు, ఎత్తైన కుండీలో మొక్క కావచ్చు. ఇంట్లో సగం టెన్షన్ అక్కడే పోతుంది. బెల్లు మోగినప్పుడల్లా చున్నీ వెతుక్కోవడం, పైట సర్దుకోవడం ఆగిపోతాయి.

కర్టెన్ గురించి కొంచెం ఎక్కువ సేపు చెబుతాను. ఖర్చు తక్కువ, పని ఎక్కువ, అయినా దాన్ని చిన్నచూపు చూస్తారు. ఆసుపత్రి వార్డులో మంచం చుట్టూ పైన పట్టాలో జరిగే తెర ఉంటుంది చూశారా, హాల్లో దివాన్‌కు అలాంటిదే కావాలి. కప్పుకు బిగించే అల్యూమినియం ట్రాక్ ఏ కర్టెన్ షాపులో అయినా దొరుకుతుంది, మూల దగ్గర వంపు కూడా తిప్పిస్తారు. ట్రాక్ ఎంత పొడవో దానికి రెట్టింపు వెడల్పు బట్ట తీసుకోండి. పది అడుగుల ట్రాక్‌కు ఇరవై అడుగుల బట్ట. సరిగ్గా పది అడుగులే తీసుకుంటే కుచ్చులు పడవు, దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది, అంచుల్లో సందులు పడతాయి. బట్ట మందంగా ఉండాలి, కింద నేలకు ఒక అంగుళం పైకి ఆగాలి, తడిగుడ్డ పెట్టడానికి వీలుగా. ఫ్యాను రెక్కలు తిరిగే చుట్టు వెడల్పు మామూలుగా నాలుగు అడుగులు. ట్రాక్ వేసేముందు ఫ్యాను తిరిగే చుట్టును కొలుచుకోండి, తెర అంచు దాని దగ్గరకు పోకూడదు. జరిపే చెక్క తలుపులు కావాలనుకునేవాళ్లకు ఒక్క మాట. బరువంతా పై పట్టా మీద వేలాడే రకం తీసుకోండి. నేల మీద పట్టా ఉన్న రకం పెద్దవాళ్లు నడిచే దారిలో వద్దు. అర్ధరాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు ఆ చిన్న ఎత్తు చాలు, కాలు తగిలి పడిపోవడానికి.

పగలు పల్చటి కర్టెన్ వేస్తే లోపలివాళ్లకు బయట కనబడుతుంది, బయటివాళ్లకు లోపల కనబడదు. రాత్రి లోపల లైటు వేయగానే ఇది తిరగబడుతుంది. వెలుతురు ఉన్న వైపే కనబడుతుంది. ఎదురు టవర్ మన బాల్కనీకి అరవై అడుగుల్లో ఉన్న కాంప్లెక్సుల్లో ఇది చాలా ముఖ్యం. పల్చటిది ఒకటి, మందంది ఒకటి, రెండు ట్రాకులు వేయించుకోండి. జాలీకి కూడా ఇదే సూత్రం. రాత్రి జాలీ వెనక లైటు వేస్తే జాలీ ఉన్నా లేనట్టే.

ఇక శబ్దం. అన్నిటికంటే కష్టమైనది ఇదే, చాలామంది మోసపోయేదీ ఇక్కడే. తెరలు, జాలీలు, పుస్తకాల అల్మరాలు, ఇవేవీ మాటను ఆపవు. మాట పైనుంచి, పక్కనుంచి వెళ్లిపోతుంది. శబ్దాన్ని నిజంగా ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా ఉండాలి. తలుపులనే తీసుకోండి. తలుపు విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, ఆ తలుపు ఎంత మందపుదైనా 20 డెసిబెల్స్‌కు (శబ్దాన్ని కొలిచే లెక్క) మించి ఆపలేదు. మూడు అడుగుల తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉంటే దాదాపు అంతే అవుతుంది. అందుకే బెడ్‌రూమ్‌లో మాటలు హాల్లోకి వినబడుతున్నాయని ఎవరైనా అంటే నేను మొదట కింద కూర్చుని తలుపు కింద సందు చూస్తాను. అడుగున రబ్బరు పట్టీ, ఫ్రేము చుట్టూ రబ్బరు బీడింగ్ వేయిస్తే చాలా తేడా వస్తుంది. లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోర్ ఉంటే, వీలైనప్పుడు గట్టి చెక్క నింపిన డోర్‌కు మారండి.

ఓపెన్ హాల్లో శబ్దాన్ని ఆపలేం కాబట్టి పీల్చుకునేలా చేయాలి. మన హాళ్లలో నేల మీద విట్రిఫైడ్ టైల్స్, పైన జిప్సం సీలింగ్, గోడలకు పుట్టీ, ఒక వైపు గాజు తలుపులు. అన్నీ నున్నగా, గట్టిగా ఉంటాయి. ఒక్క మాట అంటే అది నాలుగు వైపులా కొట్టుకుని తిరిగి వస్తుంది. దాంతో టీవీలో మాట సరిగా అర్థం కాదు, సౌండు పెంచుతాం. టీవీ గట్టిగా ఉంది కాబట్టి మనమూ గట్టిగా మాట్లాడతాం. వంటింట్లోంచి ఇంకా గట్టిగా అరుస్తారు. ఇంట్లో ఎవరికీ కోపం లేకపోయినా అందరూ అరుచుకుంటున్నట్టే ఉంటుంది. ఆ నేల మీద మందమైన తివాచీ, బట్ట కప్పిన సోఫా, నిలువెత్తు కర్టెన్లు, గోడకు పుస్తకాలు పెట్టి చూడండి. ప్రతిధ్వని తగ్గుతుంది, టీవీ సౌండు దానంతట అదే రెండు మూడు గీతలు తగ్గించుకుంటారు. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి అంతా ఆపేయాలని పట్టుబట్టకండి, కాస్త తగ్గినా నిద్రకు చాలా సాయం.

మూడో దారి, ఒక శబ్దాన్ని ఇంకో మెత్తటి శబ్దంతో కప్పడం. దివాన్ దగ్గర చిన్న టేబుల్ ఫ్యాను ఒకటి సన్నగా తిరుగుతుంటే, గదిలో జరిగే మాటలు స్పష్టంగా వినబడవు. మాట వినబడటం వేరు, అర్థమవడం వేరు. కొడుకూ కోడలూ లోపల అప్పుల గురించో, నాయనమ్మ ఆపరేషన్ ఖర్చు గురించో మాట్లాడుకుంటుంటే, ఆ మాటలు అర్థం కాకుండా ఉండటం ఇద్దరికీ మంచిది.

టీవీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. పెద్దవాళ్లు పడుకునే గోడకే అవతల టీవీ బిగించవద్దు, గోడ అదురు మంచానికి తెలుస్తుంది. రాత్రి పది తర్వాత మ్యాచ్ చూడాలంటే ఇప్పుడు టీవీకి బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. పార్టిషన్ ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి?

వెలుతురు కూడా మనిషిని నిద్రపోనివ్వదు. మన హాళ్లలో సీలింగ్ లైట్లన్నీ ఒకే బోర్డు మీద, ఒకటో రెండో స్విచ్చుల మీద ఉంటాయి. మంచినీళ్ల కోసం ఎవరు లేచినా హాలంతా పట్టపగలు. మూలమూలకూ వేరే స్విచ్చు పెట్టించుకోండి, డైనింగ్ మీద కిందికి వేలాడే షేడ్ లైటు ఒకటి. దివాన్ దగ్గర నుంచి బాత్రూమ్ దాకా నేలకు జానెడు ఎత్తులో చిన్న లైట్లు, నడిస్తే వెలిగేవి. మంచం పక్కన ఆవిడకంటూ ఒక లైటు, ఒక ప్లగ్ పాయింటు, కళ్లజోడు, మందులు, జపమాల పెట్టుకునే తాళం ఉన్న ఒక సొరుగు. ఆ సొరుగు గురించి నేను ప్రతి ఇంట్లో పట్టుబడతాను. తన వస్తువు ఎవరూ తీయరన్న ధైర్యం కూడా చాటు కిందకే వస్తుంది.

వంటింటి వాసన గురించి క్లుప్తంగా. తిరగమోత ఘాటు కర్టెన్లకూ దివాన్ పరుపుకూ పట్టేస్తుంది. గొట్టం బయటకు పెట్టిన చిమ్నీయే వాసనను బయటకు పంపుతుంది. గొట్టం లేని రకం నూనెజిడ్డునూ కొంత వాసననూ వడగట్టి, అదే గాలిని మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. హాలుకూ వంటింటికీ మధ్య గీతల గాజు జరిపే తలుపు పెడితే వెలుతురు ఆగదు, ఘాటు ఆగుతుంది, చుట్టాలు వచ్చినప్పుడు గట్టు మీద గిన్నెలు కనబడవు.

ఇప్పుడు నాకు చాలా బాధ కలిగించే విషయం. హాల్లో కెమెరాలు. పనివాళ్ల మీద నిఘాకనో, పెద్దవాళ్లు పడిపోతే తెలుస్తుందనో పెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ హాల్లోనే నాయనమ్మ పడుకుంటోంది. ఆవిడ నిద్ర, ఆవిడ బట్టలు సర్దుకోవడం కొడుకు ఫోన్లోనూ, అమెరికాలో కూతురి ఫోన్లోనూ కనబడుతుంటాయి. ఆవిడను ఎవరైనా అడిగారా? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత మన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం మన మీద నిఘా పెడితే మనకు అంత కోపం వస్తుంది కదా, మన ఇంట్లో పెద్దావిడ మీద మనమే పెడితే? కెమెరాను ముఖ్యద్వారం వైపు తిప్పండి. పడిపోతారన్న భయం ఉంటే మెడలోనో చేతికో వేసుకుని నొక్కే బెల్లు ఇవ్వండి. అయినా కెమెరా కావాలనుకుంటే ఆవిడతో మాట్లాడి, ఆవిడ ఒప్పుకుంటేనే పెట్టండి, ఆపే స్విచ్చు ఆవిడ చేతికి అందేలా ఉంచండి.

తెర కట్టినంత మాత్రాన అది తలుపు కాదు. ఇంట్లోవాళ్లు తలుపుగా చూస్తేనే తలుపు. తెర వేసి ఉంటే బయట నుంచి పిలవాలి. "నాయనమ్మా, రావచ్చా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఇది పిల్లలకు నేర్పించడం తేలిక. కష్టమల్లా పెద్దవాళ్లతోనే. కూతురి గది తలుపు తట్టకుండా తోసుకుని వెళ్లే తండ్రులు, కోడలి బీరువా సర్దిపెట్టే అత్తగార్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు. అయినా మానుకోవాలి.

ఇంక మీ ప్రశ్నలు.

*మేడం, మాది కిరాయి ఇల్లు. గోడకు మొల కొడితేనే ఓనర్ ఊర్కోడు. మేమేం చేయాలె?*

మొల అక్కర్లేని దారులు ఉన్నాయండీ. నేలకూ కప్పుకూ మధ్య స్ప్రింగుతో బిగుసుకుని నిలబడే గొట్టాలు వస్తున్నాయి, రెండు నిలబెట్టి మధ్యలో కర్టెన్ కట్టుకోవచ్చు. మడిచే చెక్క తెరలు ఉన్నాయి, మూడు నాలుగు రెక్కలవి. కొంచెం వంకరగా మడిచి నిలబెట్టాలి, తిన్నగా పరిస్తే పడిపోతాయి. బీరువాను అడ్డంగా నిలబెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఒక అంచును తప్పనిసరిగా గోడకు క్లాంపుతో బిగించాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను. ఆ ఒక్క రంధ్రానికి ఓనర్‌ను అడిగి ఒప్పించండి, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తానని చెప్పండి. బీరువా వెనక వైపు రేకు కనబడకుండా ఒక మంచి చీరో, కలంకారీ బట్టో తగిలించండి, బాగుంటుంది.

*మేం హాల్లో కొంత భాగం ఇటుక గోడ కట్టి మూడో గది చేద్దామనుకుంటున్నాం. చేయొచ్చా?*

ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా ఇటుక ముట్టుకోకండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు ఉంటుంది. కింద దూలం లేని చోట శ్లాబు మీద ఆ బరువు పెట్టకూడదు. జిప్సం బోర్డు పార్టిషన్ అయితే అదే చదరపు మీటరుకు 25, 30 కిలోలే. రెండు బోర్డుల మధ్య గాజు పీచుతో చేసిన గ్లాస్‌వూల్ నింపి, పైన కింద సందు లేకుండా మూస్తే శబ్దాన్ని కూడా బాగానే ఆపుతుంది. మీ బిల్డింగు మైవాన్ పద్ధతిలో కట్టింది. అంటే గోడలే కాంక్రీటు, అవే బరువు మోస్తాయి. ఉన్న గోడకు ద్వారం కొట్టాలనే ఆలోచన అసలు వద్దు. ఇంకో రెండు సంగతులు. కొత్త గదికి కిటికీ వస్తుందా? రాకపోతే అది గది కాదు, ఎండాకాలంలో అందులో మనిషి ఉండలేడు. కప్పులో మంటలార్పే నీళ్ల స్ప్రింక్లర్లు ఉన్నాయి కదా, కప్పు దాకా గోడ కడితే ఒక భాగానికి నీళ్లు అందకపోవచ్చు. అసోసియేషన్‌కు చెప్పి, ఫైర్ వాళ్ల అనుమతితోనే చేయండి.

*మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. ఇల్లు చాలా పెద్దది, కానీ కింద అంతా ఒకటే హాలు. మేం వెళ్తే ఆర్నెల్లు ఉంటాం. మా ఆయనకు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కాఫీ తాగే అలవాటు. వాళ్ల నిద్ర చెడుతుందని ఆయన గదిలోనే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు.*

ఇది చాలామంది చెప్పేదేనమ్మా. అక్కడి ఇళ్లు చెక్క ఫ్రేములతో కడతారు, కింద మిక్సీ తిప్పితే పైన తెలుస్తుంది. వంటింటి మీద కప్పు రెండంతస్తుల ఎత్తులో తెరిచి ఉంటే మరీను. మీరు ఉండే గదిలోనే ఒక చిన్న బల్ల, కెటిల్, ఇన్‌స్టంట్ కాఫీ, పాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్ పెట్టించమని అబ్బాయికి చెప్పండి. మొహమాటపడకండి. కాఫీ తన చేతిలో ఉంటే మీవారి తెల్లవారుజాము ఆయనది అవుతుంది. ఎవరి నిద్రా చెడదు.

*అమ్మా, నేను హాల్లోనే పడుకుంటాను. నువ్వు చెప్పింది అంతా నా గురించే చెప్పినట్టుంది. కానీ నాకు తెర వద్దు. నలుగురూ తిరుగుతూ కనబడుతుంటేనే నాకు బాగుంటుంది. తెర వేస్తే నన్ను ఒక మూలకు నెట్టేసినట్టు ఉంటుంది.*

మంచి మాట చెప్పారమ్మా, ఇది నేనే ముందు చెప్పాల్సింది. తెర వేయాలా తీయాలా అన్నది మీరు చెప్పాలి, ఇంకెవరూ కాదు. చుట్టాలు వచ్చారని మీ అబ్బాయి వచ్చి తెర లాగేస్తే అది మిమ్మల్ని దాచేయడం అవుతుంది. అలా జరగకూడదు. తెర పగలంతా తీసే ఉండనివ్వండి. లాగే తాడు మాత్రం మీ మంచం వైపు, పడుకుని చెయ్యి చాపితే అందే చోట పెట్టిస్తాను. చీర మార్చుకునేటప్పుడు, తైలం రాసుకునేటప్పుడు, మీ చెల్లెలితో మాట్లాడేటప్పుడు మీరే లాక్కుంటారు, మళ్లీ మీరే తీస్తారు. బయట నుంచి లాగడానికి తాడే ఉండదు. మీ దివాన్ ఇప్పుడు గుమ్మానికి ఎదురుగా ఉందా, బాల్కనీ వైపు ఉందా? బాల్కనీ వైపు తిప్పితే తెర తీసినప్పుడు హాలంతా మీకు కనబడుతుంది, గుమ్మంలో నిలబడినవాళ్లకు మీరు కనబడరు. మీటింగ్ అయ్యాక మీ ఫ్లాటుకు వస్తాను, మీ కుడిచేయి ఎటువైపు వస్తుందో చూసి ట్రాక్ కొలతలు రాసిస్తాను.